వేడి గాలి ఎప్పుడు, ఎంత?

నీటిరంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా రెండు రకాలుగా పని పాడుచేసుకుంటారు. కొందరు మొదటి రంగు ఆరకముందే రెండో రంగు వేస్తారు. కింది రంగు కదిలి పై రంగులో కలిసిపోయి, రెండూ మురికిపట్టిపోతాయి. ఇంకొందరు తడి కనపడగానే హెయిర్ డ్రయర్ అందుకుంటారు. రంగు పారవలసినంత మేర పారకముందే ఉన్నచోట ఆగిపోతుంది. మొదటివాళ్లకు ఓపిక లేదనీ, రెండోవాళ్లకు పరికరం వాడటం రాదనీ పైకి అనిపిస్తుంది. లోపం మాత్రం ఇద్దరిదీ ఒకటే. కాగితం మీది తడి ఈ క్షణాన ఏం పని చేస్తోందో ఇద్దరూ చూడటం లేదు.

బొమ్మ దగ్గర మనం ఎదురుచూసే సమయం రెండు రకాలు. మన చేతులు ఖాళీగా ఉన్నా కాగితం మీద పని సాగుతూనే ఉండే సమయం ఒకటి. జరగవలసిందంతా జరిగిపోయి, మిగిలిన నీరు ఆవిరి కావడానికి పట్టే సమయం రెండోది. మొదటిదాన్ని ముట్టుకోకూడదు. రెండోదాన్ని ఎంత తగ్గించుకున్నా నష్టం లేదు. వేడి గాలి రెండోదాని కోసమే. ఈ తేడా పట్టుబడితే ఈ అధ్యాయంలో మిగతాదంతా సులువుగా వచ్చేస్తుంది. ఆరబెట్టడమూ బొమ్మ వేయడంలో భాగమేనన్న నమ్మకం కుదురుతుంది.

తడికి అయిదు దశలు

పరికరం చేతబట్టే ముందు తడిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. 300 జీఎస్ఎం కాగితం మీద ఏదో ఒక రంగు పలచగా, సమంగా పరచండి. కాగితాన్ని కళ్ల ఎత్తుకు తెచ్చి, కిటికీ వెలుతురు దాని మీద ఏటవాలుగా పడేలా పట్టుకోండి. పైనుంచి చూస్తే తెలియనివి పక్కనుంచి చూస్తే తెలుస్తాయి.

మొదటి దశలో నీరు నిలిచి ఉంటుంది. కాగితం వాలిస్తే రంగునీళ్లు జారి, కింది అంచు దగ్గర లావుపాటి బొట్టుగా చేరతాయి. ఆ బొట్టును బాగా పిండిన బ్రష్ కొనతో పీల్చేయాలి. వదిలేస్తే అది వెనక్కి పాకి, అప్పటికే ఆరుతున్న భాగంలో మరక పెడుతుంది.

రెండోది మెరుపు దశ. నీరు పారదు గానీ కాగితమంతా నిగనిగలాడుతుంది. ఇప్పుడు ఇంకో రంగు తాకిస్తే అంచులు కరిగి మెత్తగా విచ్చుకుంటుంది. మేఘాలు, పొగమంచు, దూరపు కొండలు పుట్టేది ఈ దశలోనే. అల్ట్రామెరీన్ బ్లూ లాంటి రంగుల రేణువులు కాగితం గుంతల్లోకి దిగి, ఆ సన్నని గరుకు అందం ఇచ్చేది కూడా ఇప్పుడే.

మూడో దశలో మెరుపు తగ్గుతుంది. అది ఒక్కసారిగా పోదు. ఒక మూల నుంచి మొదలై, మందంగా రంగు పడిన చోట ఆఖరుకు పోతుంది. కాగితం నిగారింపు తగ్గి మసకబారుతుంది గానీ లోపల తడి ఇంకా బాగానే ఉంటుంది. అన్ని దశల్లోకీ ప్రమాదమైనది ఇదే. ఇప్పుడు నీరు ఎక్కువున్న బ్రష్ తాకిస్తే ఆ కొత్త నీరు రేణువులను చుట్టూ తోసేసి, కాలీఫ్లవర్ అంచుల్లాంటి మరక వదులుతుంది. కావాలని చేస్తే అదొక పద్ధతి. తెలియక చేస్తే ఆకాశం మధ్యలో మచ్చ.

నాలుగో దశలో కాగితం ఆరినట్టే కనిపిస్తుంది. కంటికి ఆరింది, చేతికి ఆరలేదు. పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "మేడం, ఆరిపోయింది చూడండి" అంటూ కాగితం తెచ్చి చూపిస్తారు. "చెయ్యి వెనకపక్క ఆనించి చూడు నాన్నా" అంటే, ఆనించి, "చల్లగా ఉంది మేడం" అంటారు. చల్లగా ఉందంటే ఇంకా నీరు ఆవిరవుతోందనే అర్థం. ఆవిరయ్యే నీరు కాగితం నుంచి వేడి లాక్కుంటుంది. వేళ్ల కొనలతో కాకుండా చేతి వెనక భాగంతో చూడమనడానికి కారణం ఉంది. వేళ్లకు ఉండే నూనె, చెమట కాగితానికి అంటితే అక్కడ తర్వాతి రంగు సరిగా పట్టదు.

అయిదో దశలో రంగు వేసిన చోటూ, వేయని మూలా చేతికి ఒకేలా తగులుతాయి. కాగితం ఆరిందంటే అదీ. ఈపాటికి రంగు తడిలో కనిపించినంత ముదురుగా ఉండదు, ఒక మెట్టు వెలిసినట్టవుతుంది. అందుకే చీకటి ఎంత, వెలుతురు ఎంత అన్న నిర్ణయం పూర్తిగా ఆరాకే తీసుకోవాలి.

ఈ అయిదింటిలో మొదటి మూడు దశల్లో కాగితం మీద పని సాగుతోంది. వేడి గాలిని అప్పుడు దూరం పెట్టండి. నాలుగో దశ నుంచి అయిదో దశకు చేరడం ఒక్కటే శుద్ధమైన ఎదురుచూపు. డ్రయర్ చేతికి తీసుకోవలసింది అక్కడ. మూడో దశ చివర్లో, ఆ భాగంలో ఇక చేయవలసింది ఏమీ లేదని తేల్చుకున్నాక మొదలుపెట్టినా ఫరవాలేదు.

నీళ్లు నిలిచి ఉండగా ఎందుకు వద్దు

కాఫీ చుక్క బల్ల మీద ఆరితే మధ్యలో పలచగా, అంచున ముదురు వలయంగా మిగలడం అందరూ చూసిందే. దానికి కారణాన్ని షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్ బృందం 1997లో నేచర్ పత్రికలో వివరించింది. చుక్క అంచు కాగితానికి గానీ బల్లకు గానీ అతుక్కుని కదలదు. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచువైపు ప్రవహిస్తుంది, వెళ్తూ వెళ్తూ రేణువులను మోసుకుపోతుంది. నీటిరంగు బొమ్మలో కనిపించే గట్టి అంచులకూ మూలం ఇదే.

నిలిచిన నీటి మీద వేడి గాలి వదిలితే ఈ ప్రవాహానికి ఊతం ఇచ్చినట్టవుతుంది. పైగా గాలి వేగానికి నీరే పక్కకు కొట్టుకుపోతుంది. సమంగా పరిచిన రంగులో పాయలు తేలతాయి, ఒక పక్క ముదురు గీత పడుతుంది. రేణువులు గుంతల్లోకి దిగడానికి వ్యవధి ఉండదు. మెత్తగా విచ్చుకోవలసిన రంగు సగంలో ఆగిపోతుంది. ముందు మెరుపు పోనివ్వండి. ఆ తర్వాతే గాలి.

ఏ పరికరం దేనికి

మార్కెట్లో మూడు రకాలు దొరుకుతాయి. చూడటానికి ఒకేలా ఉన్నా పనిలో వాటికి పోలిక లేదు.

హెయిర్ డ్రయర్‌లో గాలి ఎక్కువ, వేడి తక్కువ. మామూలుగా వెయ్యి వాట్ల నుంచి మొదలవుతుంది. మూతి దగ్గర గాలి నీటి మరుగు వేడికి అటూ ఇటూగా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ బాగా తగ్గుతుంది. పెద్ద ఆకాశాలు, కాగితమంతా పరుచుకున్న రంగులు ఆరబెట్టడానికి ఇదే తగినది. ఇంట్లో ఇప్పటికే ఉంటే మరేదీ కొననక్కర్లేదు. చల్లగాలి బటన్ ఉన్నదైతే మరీ మంచిది.

క్రాఫ్ట్ సామాన్ల దుకాణాల్లో అమ్మే చిన్న హీట్ గన్ తీరు వేరు. చాలావాటికి 300 వాట్ల దగ్గర ఉంటుంది. గాలి మెల్లగా వస్తుంది గానీ వేడి 200 డిగ్రీలు దాటుతుంది. ముద్రల మీద చల్లే ఎంబాసింగ్ పౌడర్ కరిగించడానికి తయారైన పరికరం ఇది. గాలి మెల్లగా రావడమే దాని గుణం. పౌడర్ ఎగిరిపోదు, చిన్న రంగుచుక్క పక్కకు జారదు. పోస్ట్‌కార్డంత బొమ్మలకు, గ్రీటింగ్ కార్డులకు, బొమ్మలో ఒక మూలను మాత్రమే ఆరబెట్టడానికి బాగుంటుంది. దగ్గరగా, కదపకుండా పట్టుకుంటే మాత్రం క్షణాల్లో కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. కాగితం సుమారు 230 డిగ్రీల దగ్గర అంటుకుంటుందన్నది గుర్తుంచుకోవాలి.

మూడోది హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే హీట్ గన్. పాత పెయింట్ ఊడదీయడానికి, ప్లాస్టిక్ వంచడానికి వాడతారు. 1500 నుంచి 2000 వాట్లు, 500 డిగ్రీల పైన వేడి. పేరు ఒకటే కదా అని దీన్ని కాగితం దగ్గరికి తేకండి. దానికీ కాగితానికీ పొత్తు కుదరదు.

వేడి కంటే గాలి ముఖ్యం

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2260 జౌళ్ల వేడి కావాలి. ఒక ఏ4 కాగితం మీద అయిదు గ్రాముల నీరు ఉందనుకుంటే దాదాపు 11,300 జౌళ్లు. 300 వాట్ల పరికరం సెకనుకు 300 జౌళ్లు ఇస్తుంది. దాని వేడి ఒక్క చుక్క వృథా కాకుండా నీటికే చేరినా 38 సెకన్లు పడుతుంది. వాస్తవంలో ఎక్కువ భాగం గదిలోకే పోతుంది కాబట్టి అంతకు చాలా రెట్లు పడుతుంది. పది సెకన్లలో ఆరిపోవాలని దగ్గరగా పెట్టి కాల్చేయడంలో అర్థం లేదని ఈ లెక్కే చెబుతోంది.

ఇక గాలి సంగతి. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. అదే గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే 130 గ్రాములు పట్టుకుంటుంది. వానాకాలంలో విశాఖపట్నంలోనో కాకినాడలోనో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. కాగితం నుంచి వచ్చే ఆవిరికి అందులో చోటు తక్కువ. ఫ్యాను కింద పెట్టినా గంటలు గడుస్తాయి. అలాంటి రోజుల్లో గోరువెచ్చని గాలి నిజంగా అక్కరకొస్తుంది. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం పరిస్థితి ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఆరకపోవడం సమస్య కాదు, రంగు పరచడం పూర్తి కాకముందే కాగితం ఆరిపోవడం సమస్య. అక్కడివాళ్లు డ్రయర్ పక్కనబెట్టి, ఫ్యాను ఆపి, కాగితాన్ని ముందే తడిపి పని చేయాలి. ఎవరో పుస్తకంలో రాసిన నిమిషాల లెక్కను నమ్ముకోకండి. మీ ఊరు, మీ నెల, మీ గది చూసుకోండి.

ఆరబెట్టే వరస

కాగితాన్ని అట్టకో పలకకో నాలుగు వైపులా మాస్కింగ్ టేప్‌తో బిగించి ఉంచండి. గాలికి లేవదు, ఆరేటప్పుడు ముడత పడదు.

పరికరాన్ని ముందు కాగితానికి దూరంగా, పక్కకు తిప్పి ఆన్ చేయండి. కొన్ని సెకన్లు ఆగండి. మొదటి గాలి విసురులో దుమ్ము ఏమైనా ఉంటే బయటికి పోతుంది, వేడి కూడా నిలకడగా మారుతుంది.

హెయిర్ డ్రయర్ అయితే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున, తక్కువ వేగంలో పట్టుకోండి. చిన్న హీట్ గన్ అయితే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం చాలు. రెంటికీ ఒకే నియమం: చెయ్యి ఆగకూడదు. నెమ్మదిగా, వెడల్పుగా, కాగితం అంచులు దాటేదాకా తిప్పుతూ ఉండాలి. ఒకేచోట నిలిపితే అక్కడ ముందు ఆరి, చుట్టూ తడి దానివైపు చేరి గీత పడుతుంది.

గాలి నిటారుగా పడితే తడిని చెల్లాచెదురు చేస్తుంది. కొద్దిగా ఏటవాలుగా, కాగితం మీదుగా సాగిపోయేలా వదలండి.

కాసేపయ్యాక ఆపి చేతి వెనక భాగంతో చూడండి. వేడిగా ఉన్నప్పుడు చూస్తే తెలియదు. ఒక నిమిషం కాగితాన్ని గది వేడికి రానిచ్చి, అప్పుడు చూడండి. చల్లగా తగిలితే మళ్లీ గాలి పట్టండి. వీలైతే టేప్ విప్పాక వెనకవైపు కూడా కాసేపు గాలి తగలనివ్వండి. ఒక పక్కే ఆరితే కాగితం ఆ పక్కకు వంపు తిరుగుతుంది.

కాగితం వెచ్చగా ఉండగా తర్వాతి రంగు వేయకండి. వెచ్చని కాగితం మీద రంగునీళ్లు బ్రష్ కదిలేలోపే ఆరిపోతాయి, చారలు మిగులుతాయి. చల్లారనివ్వాలి. అవసరానికి మించి ఆరబెట్టడమూ మంచిది కాదు. కాగితంలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది. దాన్ని కూడా లాగేస్తే నార బిగిసి, కాగితం పెళుసుబారి చుట్టుకుపోతుంది.

టేప్ తీసేటప్పుడు మాత్రం వేడి మనకు స్నేహితుడు. దాని మీద కొద్దిగా వెచ్చని గాలి పట్టి, బొమ్మకు అవతలి దిక్కుగా, వాలుగా, నెమ్మదిగా లాగండి. జిగురు మెత్తబడి కాగితం పొర లేవకుండా వస్తుంది.

ఇక్కడ వేడి వద్దు

రంగు అంటకూడని చోట పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ ఉన్న కాగితానికి వేడి గాలి తగలనివ్వకండి. అందులో ఉండేది రబ్బరు పాలు. వేడికి అది కాగితం నారలోకి అతుక్కుపోతుంది, తర్వాత తీయబోతే కాగితంతో సహా చిరిగి వస్తుంది. అలాంటి బొమ్మను గాలికి వదిలేయడమే మార్గం.

తడి రంగు మీద ఉప్పు చల్లి చుక్కలు తెప్పించే పద్ధతి ఉంది. ఉప్పు కణం చుట్టూ ఉన్న నీటిని మెల్లగా పీలుస్తూ ఆ నక్షత్రాలను గీస్తుంది. అది పూర్తిగా సమయమే చేయవలసిన పని. గాలి పెడితే ఉప్పు ఎగిరిపోతుంది, వేడి పెడితే పని మధ్యలో ఆగుతుంది.

ఆల్కహాల్ ఇంకులు, స్పిరిట్, థిన్నర్, శానిటైజర్ వాడిన చోట హీట్ గన్ ఆన్ చేయకండి. వాటి ఆవిరి అంటుకుంటుంది. ఇందులో చర్చకు తావు లేదు.

జిగురు, పౌడర్, గుజ్జు

కాగితంతో చేసే మిగతా పనుల్లో వేడికి ఒక్కోచోట ఒక్కో న్యాయం.

ఎంబాసింగ్‌లో వేడే ప్రధానం. జిగురు సిరాతో ముద్ర వేసి, దాని మీద పౌడర్ చల్లి, ఎక్కువైంది దులిపేసి, హీట్ గన్ పట్టాలి. ముందు ఏమీ జరగదు. పౌడర్ గింజలు గింజలుగా, మెరుపు లేకుండా ఉంటుంది. కాసేపటికి ఒక చివర హఠాత్తుగా నున్నగా మారి మెరుస్తుంది. ఆ మెరుపు అక్షరం వెంట పాకుతున్నకొద్దీ హీట్ గన్‌ను దాని వెనకే నడిపించాలి. మెరుపు వచ్చిన చోట మళ్లీ వేడి పడితే పౌడర్ కాగితంలోకి ఇంకి, ఉబ్బు పోతుంది. మెరుపు కనిపించగానే ముందుకు కదలడం, అంతే విద్య.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుకు వేడి అంత మంచిది కాదు. అది నీటిలో కలిసిన పాలిమర్. నీరు పోతేనే బిగుస్తుంది. వేడి గాలి పెడితే పైన తోలు కట్టి, లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. పైగా వేడికి ఆ పాలిమర్ మెత్తబడి, అతుకు జారుతుంది. క్విల్లింగ్ చుట్టలకు, పాప్ అప్ కార్డు మడతలకు జిగురు పలచగా రాసి, క్లిప్పు పెట్టి వదిలేయండి. జిగురు తక్కువ రాయడాన్ని మించిన డ్రయర్ లేదు. గ్లూ గన్‌తో అతికించిన వాటికైతే వేడి అసలే పనికిరాదు. అది కరిగించి అతికించే జిగురు, మళ్లీ వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది.

కాగితం గుజ్జుతో గిన్నెలు, మాస్కులు చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ఎండ చాలక హడావిడిగా తీసిన వడియాలు పైన గలగలలాడుతూ లోపల పచ్చిగా ఉండి డబ్బాలో బూజు పడతాయి కదా, మందపాటి గుజ్జుకు హీట్ గన్ పెడితే జరిగేది అదే. పైపొర బిగుసుకుంటుంది, లోపలి తడి చిక్కుకుపోతుంది. రంగు వేసిన కొన్నాళ్లకు వాసన వస్తుంది, పగులు తేలుతుంది. పలచని పొరలుగా వేసి, ఒక్కో పొరనూ ఎండలోనో గాలిలోనో పూర్తిగా ఆరనివ్వండి. తొందర ఉంటే ఫ్యాను గాలి చాలు.

మన దగ్గర ఉన్న పాఠం

రంగు ఆరడాన్ని పనిలో భాగంగా చూసిన సంప్రదాయాలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. వారి పద్ధతుల ప్రభావంతో బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాకూర్ వాష్ పద్ధతిని పెంచి పోషించారు. రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ కాగితాన్ని నీళ్లలో ముంచుతారు. పైపైన ఉన్న రంగు కొట్టుకుపోతుంది, నారలోకి దిగినది నిలుస్తుంది. మళ్లీ రంగు, మళ్లీ ఆరడం, మళ్లీ నీళ్లు. ఆ మంచుతెర లాంటి మార్దవం ఇలా పొర మీద పొరగా వస్తుంది. ఆ బెంగాల్ శైలిని మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ నేర్పారు. మన నవలా రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడే.

ఆ వాష్ పద్ధతిలో ఆరడం సరిగా జరగకపోతే రెండో అడుగే లేదు. సగం ఆరిన కాగితాన్ని నీళ్లలో ముంచితే నిలవవలసిన రంగు కూడా పోతుంది. నీటిరంగును కాగితానికి పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్టు జిగురు. ఆరాక కూడా నీటికి కరిగే గుణం దానికి పోదు. కాబట్టి పూర్తిగా ఆరిన పొర మీద కూడా తేలికగా, ఒక్కసారి బ్రష్ నడిపి వదిలేయాలి. రుద్దితే కింది రంగు లేస్తుంది. డ్రయర్‌తో ఎంత బాగా ఆరబెట్టినా ఈ నియమం మారదు.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటం వేసే ముందు బట్టను సిద్ధం చేసే తీరూ గమనించదగ్గది. ఖాదీ బట్టకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు నీళ్లు కలిపిన పూతను మూడుసార్లు పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరితేనే తర్వాతిది. బొమ్మ మొదలుకాకముందే మూడుసార్లు ఆరడం అయిపోతుంది. అయిదారు మీటర్లు దాటినా పటం చుట్టచుట్టి మళ్లీ విప్పడానికి వీలుగా ఉండాలంటే ఈ పునాది గట్టిగా ఉండాలి.

ఈ చిత్రకారుల చేతిలో హీట్ గన్ లేదు. వాళ్లు తడిని ఎలా చూశారో మనం నేర్చుకుంటే చాలు. మన చేతిలో పరికరం ఉండటం ఆ చూపుకు అదనపు బలం అవుతుంది, దానికి బదులు కాదు.

భద్రత

చిన్న హీట్ గన్‌ను పిల్లల చేతికి ఇవ్వకండి. హెయిర్ డ్రయర్ అయినా పెద్దవాళ్లు పక్కనుండగా, తక్కువ వేడిలో మాత్రమే. బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి దాని మీద వేడి పట్టడం చాలామందికి అలవాటు. ముందు అంటుకునేది అదే. దాని బదులు నేలకు వేసే టైల్ ముక్క ఒకటి తెచ్చుకోండి. తడవదు, కాలదు, తుడిస్తే పోతుంది. చీరకొంగు, చున్నీ, విప్పిన జుట్టు, కిటికీ తెర పరికరానికి దూరంగా ఉండాలి. బ్రష్ కడిగే నీళ్ల గ్లాసు ప్లగ్గు పక్కన ఉండకూడదు. పని అయ్యాక హీట్ గన్ మూతి చాలాసేపు కాలుతూ ఉంటుంది, దాన్ని స్టాండు మీద నిలబెట్టి చల్లారాకే పెట్టెలో పెట్టండి. ఇంటి ఇన్వర్టర్ మీద వెయ్యి వాట్ల డ్రయర్ పెట్టకండి, లోడు మోయలేదు. కరెంటు పోయినప్పుడు బొమ్మను గాలికి వదిలి ఇంకో కాగితం మొదలుపెట్టండి.

అసలు ఆ అలవాటు రోజూ ఉంటే మంచిది. పక్కపక్కన రెండు మూడు పలకలు పెట్టుకుని, ఒకటి ఆరేలోపు రెండోదాని మీద పని చేస్తే ఎదురుచూపు బరువు అనిపించదు. సగం సందర్భాల్లో డ్రయర్ అవసరమే రాదు.

తొందర ఎక్కడినుంచి వస్తుంది

డ్రయర్ వైపు చెయ్యి వెళ్లే ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి. నేను ఆరబెడుతున్నది కాగితం కోసమా, నా గాబరా కోసమా? రేపు పొద్దున బడికి ప్రాజెక్టు ఇవ్వాలి, తర్వాతి పొర వేయాలి, బొమ్మ సిద్ధంగా ఉంది అన్నప్పుడు వేడి గాలి సరైన సాయం. బొమ్మ ఎలా వస్తుందోనన్న బెదురుతో, రంగు తనంతట తాను కదలడం చూడలేక ఆపేయాలనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. నీటిరంగుల్లో అందమైన భాగం మనం అదుపు కొద్దిగా వదిలిన చోటే పుడుతుంది. ఆ కొద్ది క్షణాలు కుదురుగా కూర్చోగలగడం బొమ్మకే కాదు, మనిషికీ మేలు చేస్తుంది.

ఎదురుచూడటాన్ని మెచ్చుకోవడం మాత్రమే ఓర్పు కాదు. ఏ ఎదురుచూపు ఫలం ఇస్తుందో, ఏది ఊరికే కాలం తింటుందో తేల్చుకోవడం కూడా ఓర్పే. చదువులోనూ, వంటలోనూ, పిల్లల పెంపకంలోనూ ఈ తేడా పనికొస్తుంది. కాగితం మీద అది పది నిమిషాల్లో, చవగ్గా, కళ్లముందే నేర్చుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం

ఒక మంచి కాగితాన్ని నాలుగు సమానమైన ముక్కలు చేయండి. నాలుగింటి మీదా ఒకే రంగు, ఒకే నీరు, ఒకే బ్రష్‌తో పరచండి. మొదటిదాన్ని గాలికి వదిలేయండి. రెండోదానికి నీరు నిలిచి ఉండగానే వేడి గాలి పట్టండి. మూడోదానికి మెరుపు పూర్తిగా పోయాక పట్టండి. నాలుగోదానికి మెరుపు తగ్గుతుండగా ఒక నీటి చుక్క వేసి, తర్వాత ఆరబెట్టండి. అన్నీ ఆరాక వెనక తేదీ, వేళ, వానా ఎండా రాసి పక్కపక్కన పెట్టి చూడండి. అంచులు ఎక్కడ గట్టిపడ్డాయి, రంగు ఎక్కడ సమంగా ఉంది, ఎక్కడ మరక పూసింది అన్నది ఈ అధ్యాయం చెప్పినదానికంటే స్పష్టంగా ఆ ముక్కలే చెబుతాయి.

వంపు తిరిగిన ముక్కలను పారేయకండి. పూర్తిగా ఆరాక వెనకవైపు సన్నగా నీరు చిలకరించి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. సరి అవుతాయి.

ఆ నాలుగు ముక్కలను మీ బల్ల ఎదుట గోడకు అంటించుకోండి. ఈసారి డ్రయర్ ఆన్ చేసే ముందు ఒక్కసారి అటు చూసి, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, చేతి వెనకపక్క ఆనించి, అప్పుడు నిర్ణయించుకోండి. ఆ నిర్ణయం మీదిగా ఉన్నంతకాలం పరికరం మీ మాట వింటుంది.